గోదావరిలోకి దారి చూపిన ఫోను

మా ఆవిడ సుగుణకి హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. ఆ మాట, చిన్నప్పుడు తనకి చదువు చెప్పిన కరుణమ్మ టీచరుగారి ఎదుట నిలబడి చెప్పాలని పట్టుబట్టింది. టీచరుగారి ఫోను చాలా రోజులుగా కలవడం లేదు. రెండేళ్ళ కిందట ఆవిడ పంపిన లొకేషన్ మాత్రం సుగుణ ఫోనులో ఉంది. రాజోలు అవతల, గోదావరి ఒడ్డున లంక ఊరు. అదే నమ్ముకుని బయలుదేరాం.

ఉదయం ఆరుంబావుకి కాకినాడలో కారు తీశాను. ఎనిమిదింటికి అమలాపురంలో పెసరట్టు తిన్నాం. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలు రోడ్డుకి అడ్డంగా ఉండి అరగంట ఆగిపోయాం. తాటిపాక, రాజోలు దాటాక దారి నాకు కొత్త. ఫోను ఎటు తిరగమంటే అటు తిరిగాను.

పది ఇరవైకి కొబ్బరితోటల మధ్య సిమెంటు రోడ్డెక్కాం. "మూడు వందల మీటర్లు నేరుగా వెళ్ళండి" అంది ఫోను. మలుపు తిరిగేసరికి, వల బాగుచేసుకుంటున్న ఒకాయన చేతులు చాపుకుంటూ కారుకి ఎదురుగా పరుగెత్తుకొచ్చాడు.

"ఆపండి బాబూ, ఆపండి! ముందు రోడ్డు లేదండీ!"

బ్రేకు తొక్కాను. దిగి చూస్తే ఇరవై అడుగుల అవతల రోడ్డు విరిగిపోయి ఉంది. కింద నిలువునా గండి, ఎర్రటి నీళ్ళు.

"తాటిదుంగ అడ్డం పెట్టేమండి. ఎవరో పట్టుకుపోయేరు," అన్నాడాయన. పేరు సత్యం, చేపలవేట.

ఫోనులో రోడ్డు ఇంకా ముందుకే సాగుతోంది. పెంకుటిళ్ళు, కొబ్బరిచెట్లు, ఒక ఇంటి మీద ఎర్ర గుర్తు. తలెత్తితే అక్కడ గోదావరి తప్ప ఏమీ లేదు.

"కరుణమ్మ టీచరుగారిల్లు?" అంది సుగుణ.

సత్యం నీళ్ళలోకి చెయ్యి చూపించాడు. "ఆ సుడి దగ్గరండీ. పోయిన వరదకి ఆ వరస ఇళ్ళన్నీ జారిపోయేయి."

సుగుణ రోడ్డు మీదే కూలబడింది. టీచరుగారు ఉన్నారా అని నేను అడిగేలోపే అతనికే అర్థమైంది.

"అయ్యో, ఉన్నారండమ్మా! నేనే పడవెక్కించేను. పుస్తకాల కోసం మళ్ళీ లోపలికెళ్ళబోతే చెయ్యి పట్టుకు లాగేసేనండి. ఫోనూ అదీ పోయేయి. ఇప్పుడు తాటిపాకలో చర్చి వెనక గదిలో ఉంటన్నారు."

పొద్దున్న ఆ చర్చి ముందునుంచే వచ్చాం!

గది చూపించడానికి సత్యాన్ని కూడా ఎక్కించుకుని వెనక్కి తిరిగాం. పన్నెండింటికి, గది గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న టీచరుగారు సుగుణని చూసి నవ్వారు. జరిగింది వినగానే చేట పక్కన పెట్టేశారు.

"ఆయ్... గట్టు చివరిదాకా వెళ్ళేరా?" మొహం పాలిపోయింది. "ఆ లొకేషను నా పిల్లలందరికీ పంపేనే అమ్మా!"

సుగుణ వెంటనే తన బ్యాచి వాట్సాప్ గ్రూపులో రాసింది: టీచరుగారు తాటిపాకలో ఉన్నారు, పాత లొకేషన్ తీసెయ్యండి, అక్కడ ఇప్పుడు గోదావరి ఉంది.

పంపాక టీచరుగారు ఫోను అడిగి తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని, ఆకాశం నుంచి తీసిన ఆ పాత ఊరి బొమ్మని రెండు వేళ్ళతో పెద్దది చేశారు.

"నా బావి... గుండ్రంగా, చూడు. పక్కన నిమ్మచెట్టు." చాలాసేపు ఫోను తిరిగివ్వలేదు. సుగుణ ప్రమోషన్ సంగతి భోజనాల దగ్గర గాని ఎత్తలేకపోయింది. విన్నాక ఆవిడ లేచి, తడిచెయ్యి తుడుచుకుని సుగుణ తల నిమిరారు.

నాలుగింటికి తిరుగుప్రయాణం. అటు వెళ్ళేవారు రాజోలులో ఆగి, దారి మనుషుల్ని అడిగి మరీ వెళ్ళండి. ఏటిగట్టు పక్క ఊళ్ళకి ఆ ఆలస్యం తప్పనిసరి అని నాకు ఈ ఒక్క పూటలో తెలిసింది.

ముమ్మిడివరం దాటుతుండగా సుగుణ ఫోను మోగింది. హైదరాబాదు నుంచి పాత స్నేహితురాలు. స్పీకరులో పెట్టింది.

"ఇప్పుడే నీ మెసేజి చూశానే. ఈ రాత్రికే పిల్లల్ని తీసుకుని కారులో బయలుదేరుతున్నాం. తెల్లారకముందే వెళ్ళి టీచరుగారిని నిద్రలేపుదామనుకున్నాం. ఆ పాత లొకేషనే పెట్టుకుని ఉన్నాం."

కారు పక్కకి తీసి ఆపేశాను.