గులాబీకి బంతిపూలు

మా పక్కింటి తోట టీచరమ్మకి పెళ్ళికొడుకుని చూపించడానికి అతని ఇంటికి తీసుకెళ్తే, ఆవిడ వాళ్ళ పెరట్లో నిమ్మచెట్టుని చూసి సరే అందట. చెట్టునింత బాగా చూసుకునేవాడు తనని చూసుకోడా అనుకుంది పాపం. ఆ చెట్టుకి నీళ్ళు పోసేది అత్తగారని పెళ్ళయ్యాక తెలిసింది.

చిన్నతనంలోనే నర్సరీలో అంట్లు కట్టడం నేర్చుకుని, తర్వాత బడిలో తోటపని చెప్పే ఉద్యోగంలో చేరింది. తల నెరిసింది గానీ గోళ్ళలో మట్టి పోలేదు. మా ఇంటికొస్తే కాఫీ ముట్టుకోకముందే కుండీలో వేలు పెట్టి, "వదినా, దీన్ని నీళ్ళలో ముంచి చంపుతున్నావు" అంటుంది.

ఆ మధ్య బడికి పెద్దాఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. తోట నచ్చితే ఉంచుతాడు, లేదంటే చదును చేసి బళ్ళు నిలపడానికి షెడ్డు వేయిస్తాడు. తోట పోతే ఆవిడ క్లాసూ పోయినట్టే. సరిగ్గా ఆ ముందురోజే ఈ మహాతల్లి ఒక్కటి తప్ప గులాబీలన్నిటినీ మోకాలెత్తుకి కత్తిరించి, చేతుల నిండా గీతలతో ఇంటికొచ్చింది.

"రెండ్రోజులు ఆగలేకపోయావా వదినా?" అని గోడ మీంచి కేకేశాను.

"కత్తిరింపుల కాలం దాటిపోతోంది. ఆఫీసరు కోసం మొక్క ఆగుతుందా?"

ఆవిడ తోటికోడలు మాత్రం ఊరుకోలేకపోయింది. మర్నాడు పొద్దున్నే బడికెళ్ళి మోళ్ళన్నిటికీ దారంతో పూలు కట్టేసింది. గులాబీలు దొరక్క బంతిపూలు కట్టింది.

నేనూ వెళ్ళాను. అలాంటిది చూడకపోతే నాకు అన్నం సహించదు.

"ఇదేం మొక్కండీ?" అన్నాడు ఆఫీసరు.

"గులాబీ" అంటూ తిరిగి చూసింది టీచరమ్మ. తోటికోడలు నా వెనక నక్కింది.

టీచరమ్మ పూలన్నీ తెంపి పారేసింది. "ఇవెవరో కట్టారు బాబూ. నేను చేసిన పని ఈ మోళ్ళు. ఇదొక్కటి కోయకుండా మిగిలింది, మీరే కోయండి" అని కత్తెర ఆయన చేతిలో పెట్టింది.

ఆయన కోశాడు.

"అక్కడ కాదయ్యా! కన్ను కోసేస్తే చిగురెక్కణ్ణుంచి వస్తుంది?" అని చేతిమీద ఒక్కటి వేసింది. పిల్లలు పకపకా నవ్వారు. హెడ్మాస్టరు కళ్ళు మూసుకున్నాడు.

"అయితే ఇది చచ్చిపోతుందా?" ఆఫీసరు మొహం చిన్నబోయింది.

"చూడాలి."

"అది తేలేదాకా షెడ్డు మాటెత్తకండి" అని హెడ్మాస్టరుకి చెప్పి వెళ్ళాడు.

ఇప్పుడు వారం వారం వచ్చి ఆ మోడు ముందు గొంతుక్కూర్చుంటున్నాడు. చుట్టూ అన్నీ చిగిర్చాయి, ఆయనది తప్ప.

"నిజం చెప్పు వదినా, అది బతుకుతుందా?" అని మొన్న చెవిలో అడిగాను.

"చస్తే ఇంకోటి కోయిస్తాను. పని రాకుండా ఎవర్నైనా వదిలానా నేను?"