మా సారు కనిపెట్టిన పదార్థం

మొన్న పాత పరిశోధక విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో, మా ప్రొఫెసరు గారికి ఎవరో శాలువా కప్పుతున్న ఫోటో వచ్చింది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. నేనొక్కదాన్నే ఏమీ పెట్టలేదు. ఇన్నేళ్లయినా ఆ ముఖం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, దాచుకోవడం దేనికి?

టోపలాజికల్ ఇన్సులేటర్లు అనే మాట అప్పుడప్పుడే వినపడుతున్న రోజులవి. లోపలంతా విద్యుత్తును పారనివ్వకుండా, పైపొర మీద మాత్రం పారనిచ్చే పదార్థాలు అవి. ఆ పైపొర మీద ఎలక్ట్రాన్ వెళ్లే దిక్కును బట్టి చిన్న అయస్కాంతం లాంటి దాని స్పిన్ ఉంటుంది గనుక, ఆ స్పిన్‌తోనే సమాచారాన్ని దాచి, అంతగా వేడెక్కని చిప్పులు చేయవచ్చని మాకందరికీ ఒక పిచ్చి ఆశ. ఏ అణువు పక్కన ఏ అణువును పేరిస్తే అలాంటిది వస్తుందో ముందుగా కంప్యూటర్లో లెక్కగట్టడమే మా పని. అల్లూరు దగ్గర రొయ్యల గుంటల మధ్య పెరిగిన నాకు ఆ పనంటే ప్రాణం.

మా సారు బిస్మత్ కలిసిన ఒక పదార్థాన్ని అలా లెక్కలోనే కనిపెట్టి, సభల్లో చెప్పి, పేరు తెచ్చుకున్నారు. దాన్నే ఇంకా కచ్చితమైన పద్ధతిలో లెక్కించే పని నాకు అప్పగించారు. ఆయన వాడిన తేలిక పద్ధతి ఎలక్ట్రాన్ల శక్తిస్థాయుల మధ్య ఎడాన్ని తక్కువ చేసి చూపిస్తుంది; నా లెక్కలో ఆ ఎడం పెద్దదయింది, అలాంటి పదార్థంలో తలకిందులు కావలసిన స్థాయులు కాలేదు, పైపొర మీద ప్రవాహమూ లేదు. అది గాజుముక్క లాంటి మామూలు ఇన్సులేటరు.

ఆ సంగతి అందరూ కూర్చున్న సమావేశంలో చెప్పాను. ఆయన నా వైపైనా చూడకుండా, "నీ లెక్క తప్పు, కూర్చోమ్మా," అన్నారు.

"రకరకాలుగా చేసి చూశాను సార్. ప్రతిసారీ అదే వస్తోంది."

"అయితే నువ్వే మారాలి."

అందరూ నవ్వారు. మర్నాటికల్లా ల్యాబు కంప్యూటర్లో నా పాస్‌వర్డు తీసేశారు. అంతవరకూ నా క్యారియర్లో అన్నం పంచుకు తిన్న స్నేహితురాలు నన్ను చూసి దారి మార్చుకుంది.

ఊరికొస్తే అన్న కూడా మంచిగా మాట్లాడలేదు. పెద్ద చదువు మధ్యలో వదిలి, పెద్దాయన్ని ఎదిరించి వచ్చానని అన్న కోపం. గుంట గట్టు మీది షెడ్డులో, విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటరు పెట్టుకుంటే, కరెంటు పోయినప్పుడల్లా లెక్క తెగిపోయేది. గుంటల నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లను నడిపే జనరేటరు నుంచి ఒక వైరు ఇమ్మని అన్నను అడిగాను.

"నీ లెక్క ఆగితే మళ్లా ఏసుకుంటావు. ఏరియేటర్లు ఆగితే నా రొయ్యలు చచ్చి తేల్తాయి పాపా. బుద్ధుండాదా నీకు?" అని అరిచాడు.

కొన్నాళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం మేత బస్తాలు దించి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ సారు చెప్పింది తప్పని నీకు ఖాయంగా తెల్సా?"

"తెలుసన్నా."

"అట్టయితే వైరు లాగతా. ఆయన సంగతేందో తేల్చు."

నెలల తరబడి చేసి, లెక్క పూర్తి కాగానే నా ఒక్కదాని పేరుతో, అల్లూరు చిరునామాతో, ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టాను. ఆ తర్వాత విదేశంలో ఎవరో ఆ స్ఫటికాన్ని నిజంగానే పెంచి పరీక్షించారు. పైపొర మీద ఏమీ లేదు. అప్పుడు సారు వేదికలెక్కి, ఆ అనుమానం తమకు మొదటినుంచీ ఉందనీ, తమ బృందమే ముందుగా పట్టుకుందనీ చెప్పుకున్నారు. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. నాకు ఆ డిగ్రీ రానే లేదు. నెల్లూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. సంగతి విని అన్న, "గెల్చినావు గదా, ఇంక ఏడుపేంది?" అన్నాడు. గెలిచాక కూడా ఏడుపెందుకు వస్తుందో అన్నకు చెప్పలేకపోయాను.

సారు ముసలివాడయ్యాడు, ఇక మరిచిపొమ్మంటారు. నా జుట్టూ నెరుస్తోంది. మరుపు మాత్రం రాలేదు.

ఇప్పుడు నా విద్యార్థులు అలాంటి లెక్కను ఒక పూటలో ముగించి టీ తాగడానికి వెళ్తున్నారు. వేలకొద్దీ పదార్థాలను కంప్యూటరే జల్లెడ పట్టేస్తోంది. చూస్తుంటే ముచ్చటేస్తుంది, మా కాలం అన్యాయంగా గడిచిపోయిందని దిగులూ వేస్తుంది. ఇంత వేగం వచ్చినా, నలుగురిలో ఒక ఆడపిల్ల లేచి "ఇది తప్పు సార్" అనడానికి మాత్రం, మా రోజుల్లో ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ అంతసేపే పడుతోంది.