మా ఇంటామె పింఛను ఏ ఖాతాలో పడింది

జమ్మికుంట పత్తి మార్కెట్లో రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా చేశాను. రోజూ డైరీ రాయడం అంతకు ముందు నుంచే ఉంది. పని మానేసి కరీంనగర్ ఇంట్లోనే కూర్చున్నాక రాయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. కరెంటు ఎప్పుడు పోయింది, నల్లా ఎప్పుడు వచ్చింది, బీపీ ఎంత, అంతే. బ్యాంకుల సంగతి మొదలయ్యాకే పేజీలు మళ్లీ నిండాయి.

పొద్దున నడకకు వెళ్లే మైదానం గేటు దగ్గర ఒక కొత్త బ్యాంకు వాళ్లు గొడుగు పెట్టుకుని కూర్చున్నారు. ఖాతా తెరిచి పదివేలు వేసి మూడు నెలలు కదపకుండా ఉంచితే ఐదు వందలు బోనసు. ఉంచాను, ఇచ్చారు. తొంభై ఒకటో రోజున ఆ పదివేలు తీసి ఇంకో బ్యాంకులో వేశాను. అక్కడ ఏడు వందల యాభై. అలా రెండేళ్లలో ఐదు ఖాతాలు తిరిగాను. ఏ రోజు తెరిచింది, ఏ రోజు దాకా ముట్టకూడదు, బోనసు ఏ రోజు పడాలి, నిజానికి ఏ రోజు పడింది, అన్నీ గీతలు గీసి రాసుకున్నాను. చెప్పిన రోజున పడింది ఒక్కసారే. ఒకచోట ఐదు వందల కోసం పదకొండుసార్లు వెళ్లాను. ఆటోలకు ఎంతైందో మాత్రం రాయలేదు. రాస్తే పన్నెండోసారి వెళ్లబుద్ధి కాదు.

ఆరో బ్యాంకు వాళ్లు ఇద్దరూ తెరవాలన్నారు. భార్యాభర్తలు కలిసి తెరిస్తే ఒక్కొక్కరికి వెయ్యి.

మా ఇంటామె పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి. ఇప్పుడు బీడీ కార్మికుల పింఛను వస్తుంది. అది పడ్డదని తెలియగానే, తనతో కలిసి బీడీలు చుట్టిన ముగ్గురు ఆడవాళ్లతో కలిసి పాతబజారులో బ్యాంకుకు నడిచి వెళ్తుంది. వరుసలో నిలబడి తీసుకుని, నలుగురూ ఒక్కో ప్లేటు మిర్చీ బజ్జీలు తిని, చాయ్ తాగి, మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. ఆ పైసల్లోంచి ఆమె నన్నెన్నడూ ఏమీ అడగదు, నాకేమీ చెప్పదు.

"నాకెందుకయ్యా గా బ్యాంకు? నా బ్యాంకు నాకున్నది" అంది.

"మూడు నెల్లే. వెయ్యి రూపాయలు ఉత్తగ వస్తయి."

"ఉత్తగ ఎవడిస్తడు? ముప్పై ఏండ్లు చేసినవు, మీ సేటు ఇచ్చిండా?"

అయినా వచ్చింది. యంత్రం మీద వేలు పెట్టమంటే పెట్టింది. బీడీ ఆకు మీద అరిగిన వేలు, నాలుగోసారికి పట్టింది. కాగితం మీద ఏవో గళ్లలో టిక్కులు పెట్టమంటే నేనే పెట్టాను. ప్రభుత్వం వేసే డబ్బు ఇకపై ఈ ఖాతాకే రావాలనేది అందులో ఒకటి. చదివాను కూడా. దాని అర్థం ఆమె పింఛను అని తట్టలేదు.

మూడు నెలలకు రెండు వేలు వచ్చాయి. అదే రోజు రెండు ఖాతాలూ ఊడ్చి తీశాను. ఆ తర్వాత చేసిన పనికి మార్కెట్టు అలవాటే కారణం. మా దగ్గర రైతు ఒక అడ్తి వదిలి ఇంకో అడ్తికి పోవాలంటే, బాకీ తీర్చి చిట్టీ చింపించుకుంటాడు. చిట్టీ చినిగిందంటే ఇక ఎవరికి ఎవరూ ఏమీ కారు. నేనూ అలాగే రెండు కార్డులూ కత్తెరతో ముక్కలు చేశాను, చెక్కుబుక్కులు చింపేశాను, ఆ బ్యాంకు మెసేజీలు రాకుండా ఫోనులో ఆపేశాను. డైరీలో "ముగిసింది" అని రాశాను.

పింఛను జాబితాలో కొత్త ఖాతా ఎక్కడానికి మూడు నెలలు పట్టిందని తర్వాత తెలిసింది. అంటే నేను ముగిసిందని రాసుకున్న నెలలోనే అక్కడ మొదలైంది.

మొదటి నెల ఆమె ఉత్త చేతులతో వస్తే, ఆలస్యమై ఉంటుందన్నాను. రెండో నెల కూడా మిగతా ముగ్గురికి వచ్చాయి, ఆమెకు రాలేదు. వరుసలో ఒకామె, "నీ మొగడు నువ్వు సచ్చిపోయినవని రాసిచ్చిండేమోనే, జర అర్సుకో" అన్నదట. అందరూ నవ్వారట. మా ఆమె కూడా నవ్విందట. ఇంటికొచ్చి ఈ మాట చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

పింఛను ఆఫీసులో కంప్యూటరు చూసినతను, "రెండు నెలలయీ పడ్డయి బాపూ" అని ఆరో బ్యాంకు పేరు చెప్పాడు. అక్కడికి పరుగెత్తాను.

"మినిమం బ్యాలెన్స్ లేదు సార్. ఛార్జీలు పడ్డయి, ఛార్జీల మీద జీఎస్టీ. పింఛన్ వచ్చినప్పుడల్లా కట్ అయింది" అంది కౌంటరులో అమ్మాయి.

"కార్డు కత్తిరించినం గదమ్మా."

"కార్డు కత్తిరిస్తే అకౌంట్ క్లోజ్ అయితదని మీకెవరు చెప్పిన్రు సార్?"

ఎవరూ చెప్పలేదు. ఖాతా తెరవడానికి గొడుగు కింద పది నిమిషాలు చాలాయి. మూయడానికి మాత్రం మా ఆమె స్వయంగా రావాలి, కత్తిరించిన కార్డు కావాలి, వాడని చెక్కులు కావాలి. అవి చెత్తబండిలో ఎప్పుడో వెళ్లిపోయాయని ఒక కాగితం రాసివ్వాలి. మొదటిసారి సర్వర్ లేదు. రెండోసారి మేనేజరు లేడు. మూడోసారి అన్నీ ఉన్నాయి, ఆమె వేలు పట్టలేదు. ఆ బల్ల ముందు ఆమె వేలు తడి చేసి, తుడిచి, మళ్లీ పెడుతుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. నాలుగోసారికి మూశారు. మిగిలిన పైసలు ఇచ్చారు. కోసుకున్నది బోనసు కంటే ఎక్కువే.

దారిలో జేబులోంచి ఆ తగ్గిన మొత్తం తీసి ఇవ్వబోయాను.

"నీ పైసలు నాకెందుకు? నాయి నాకు గావాలె. గా వేలు పెట్టిన మెషిన్ల పడి పోయినయి నాయి."

మర్నాడు పాతబజారు బ్యాంకుకు వెళ్లాం. పింఛను మళ్లీ అక్కడికే వచ్చేట్టు కాగితం పెట్టాలి. ఆ గుమాస్తా ఆమెను ఎరుగును. "ఏందవ్వా, మమ్ముల ఇడిసిపెట్టి పోయినవట?" అన్నాడు.

"నేను పోలే కొడుకా. గీయన తోలుకపోయిండు."

ఫోను నంబరు అడిగాడు. అన్ని ఖాతాలకూ ఇచ్చినట్టే నా నంబరు చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి తన నంబరు చెప్పింది. తడుముకోకుండా, ఒక్కో అంకె. సంతకం తనే చేసి, పాసుబుక్కు కొంగున చుట్టుకుంది. అంతకు ముందు అది నా బీరువాలో ఉండేది.

ఇది జరిగి మూడు నెలలైంది, జాబితాలో ఖాతా మారడానికి పట్టేంత కాలం. పోయిన వారం పొద్దున పదింటికి ఆ ముగ్గురూ వచ్చి గేటు దగ్గర కేకేశారు. ఆమె చెప్పులేసుకుని వెళ్లింది. రెండింటికి వచ్చింది. మొహం చూసి ఏమీ తెలియలేదు.

"వచ్చినయా?" అన్నాను.

"నీ బ్యాంకోళ్లను అడుగు, చెప్తరు" అని కాళ్లు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లింది.