మావ విజిల్

వన్ టౌన్‌లో మా పేట ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా ఉండే మావకి ఒకటే వైద్యం తెలుసు. ఇండియా జట్టు ఓడినప్పుడల్లా టీ గ్లాసు బల్ల మీద కొట్టి, "కోచ్‌ని మార్సీండ్రా" అనేవాడు.

ఇండియాకి కొత్త కోచ్‌ని వేసిన రోజు టీ కొట్టు దగ్గర వాదన ముదిరింది.

"కొత్తోడు కదా మావా, కొన్నాళ్లు సూద్దాం," అన్నాడు మా గోల్‌కీపర్.

"సూసేదేటి? గెలిపించలేనోడికి మెళ్లో విజిలెందుకురా?" అన్నాడు మావ.

నా నోరు ఊరుకోదు కదా. "మన పేట జట్టు గెలిసి ఎన్నేళ్లయింది మావా?" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. మావ మెళ్లో విజిల్ తీసి, లుంగీతో శుభ్రంగా తుడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వేళాకోళానికి నేను మెళ్లో వేసుకున్నాను.

మావ మళ్లీ రాలేదు. ఇప్పుడు కోచ్‌ని నేనే. ఓడుతూనే ఉన్నాం. మార్సీండ్రా అనే మనిషే లేడు.