పత్తి లారీల టైర్ల పుస్తకం

మొన్న ఆదివారం మా మనవరాలు ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని, ఇది నేనే తయారు చేశానవ్వా, చూడు అని పిలిచింది. కార్ల పందేలంటే ఆ పిల్లకు ప్రాణం. పందెంలో పరుగెత్తే కారు పేరు కొడితే చాలు, అది ఏ టైరు మీద ఎన్ని చుట్లు తిరిగింది, ఏ చుట్టులో ఆ టైరు విప్పి వేరేది బిగించారు, అన్నీ వరసగా తెర మీదికి వచ్చేస్తున్నాయి. ఒక టైరు ఎక్కించినప్పటి నుంచి దింపేదాకా నడిచిన నడకను స్టింటు అంటారట. నాకు నవ్వాగలేదు. ఓసి నీ ఇల్లు బంగారం గాను, ఈ పని నేను పెళ్ళికి ముందే ఆదోనిలో చేశానే అన్నాను. అది నమ్మలేదు. మా ఈడువాళ్ళు, మీరైనా నమ్మండి.

మా మేనమామకు ఆదోనిలో నాలుగు పత్తి లారీలుండేవి. పదో తరగతి పాసై ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను పిలిచి ఆయన టైర్ల పుస్తకం చేతిలో పెట్టాడు. అప్పట్లో మా షెడ్డులో ప్రతి టైరు మీదా ఎర్రగా కాల్చిన ఇనుముతో నంబరు వేసేవారు. ఏ నంబరు టైరు ఏ లారీకి ఏ చక్రానికి ఉంది, ఎప్పుడు ఎక్కింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగి దిగింది, అంతా నేను రాయాలి. లారీల షెడ్డులో ఆడపిల్లకేం పనని వీధిలో వాళ్ళు మూతి విరిస్తే, నేను జడ వెనక్కి విసిరి ఇంకా బిగ్గరగా నంబర్లు చదివేదాన్ని. ఆ గ్రీజు వాసన, పత్తి దుమ్ము, డ్రైవర్ల వేళాకోళాలు, అబ్బ, ఎంత సంతోషంగా ఉండేదో!

ఆయుధపూజ నాడు చక్రాలన్నీ విప్పి, టైర్లు ఒకచోట చేర్చి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, మళ్ళీ బిగించడం మా షెడ్డు ఆచారం. ఆ కలగాపులగంలో ఏ టైరు ఏ లారీకి పోతుందో తెలియదు కాబట్టి, బిగించాక నేను చక్రం చక్రానికీ వంగి నంబరు చూసి రాయాలి. ఒక ఏడు కొత్త ఓణీకి గ్రీజు అంటుతుందని, వెనకటి పేజీలో ఉన్నదే మళ్ళీ ఎక్కించేసి, బొరుగులూ బెల్లమూ పొట్లం కట్టించుకుని ఇంటికి పరుగెత్తాను. ఎంత పొగరో చూడండి.

పదిహేను రోజులకు చాచా లారీ పత్తి బేళ్ళతో పోతూ ఎమ్మిగనూరు దారిలో టైరు పేలి ఆగిపోయింది. చాచా అంటే మామ దగ్గర మొదటి నుంచీ ఉన్న డ్రైవరు, పెద్దాయన. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు గానీ, పేలింది వెనక జంట చక్రాల్లో లోపలిది, బాగా అరిగిన గుండు టైరు. నా పుస్తకం ప్రకారం అక్కడ సరికొత్తది ఉండాలి. మామ కళ్ళెర్రజేసి, కొత్తది ఎమ్మిగనూరులో అమ్ముకుని పాతది తగిలించావని అందరి ముందూ అనేశాడు. చాచా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇన్నేండ్లు నీ బండి తోలినా కదప్పా, నీ టైరు నాకెందుకు?" అన్నాడంతే. మెట్లు దిగిపోతున్నాడు.

నోరు విప్పితే నా పని పోతుంది. విప్పకపోతే ఆ పెద్దమనిషి దొంగ అనిపించుకుని వెళ్ళిపోతాడు.

"మామా, తప్పు నాది. పూజ దినం టైర్లు సూడకుండానే రాసినాను" అని ఒక్క గుక్కలో అనేసి భోరుమన్నాను.

మామ లేచి లారీల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు, వెనక మేమందరం. ఆ కొత్త టైరు ఎక్కడ దొరికిందనుకున్నారు? పత్తికొండ నుంచి టమోటాలు తేవడానికి మామ తానే వెంట పోయే ముద్దుల లారీకి స్టెపినీగా వేలాడుతోంది, పూజనాటి కుంకుమ బొట్టు కూడా చెరగకుండా! అందరికంటే ముందు చాచానే పగలబడి నవ్వాడు. మామ సిగ్గుపడి, తాళంచెవి తెచ్చి ఆయన జేబులో వేశాడు. నన్నేం చేయాలో చాచానే చెప్పమన్నాడు.

"పిల్లను ఉండనీప్పా. ఇంగ మీదట చెయ్యి పెట్టి తడిమి సూసినాకనే రాస్తాదిలే" అన్నాడాయన.

నా పెళ్ళికి మమ్మల్ని ఎమ్మిగనూరుకు తీసుకుపోయింది ఆయన లారీనే. చుట్టాలంతా ఎక్కి కూర్చున్నాక, పెళ్ళికూతురినైన నన్ను కిందికి దింపి, టైర్లు చూసి చెప్పమన్నాడు. మేనత్తలు ముక్కున వేలేసుకుంటుంటే, పట్టుచీర ఎగదోపుకుని, గోరింటాకు చేతులతో ఒక్కో టైరూ తడిమి, నంబరు చదివి, అంతా సరిగ్గా ఉంది చాచా అన్నాను. అప్పుడు గానీ బండి కదల్లేదు.

ఇదంతా చెప్పి, మీ దాంట్లో ఎవరైనా తప్పు రాస్తే ఎట్లా అని మనవరాలిని అడిగాను. ఎవరూ రాయరవ్వా, యంత్రాలే చెప్పేస్తాయి అంది. మంచిదే, ఎవరి మీదా నింద పడదు, నాకూ సంతోషమే. ఆ షెడ్డు ఇప్పుడు లేదు, మామా లేడు, చాచా లేడు. తప్పు రాసి ఆయన్ను దొంగను చేయబోయిన పిల్లను నేను. లారీ నిండా నా వాళ్ళను పెట్టుకుని, నా ఒక్క మాట మీద ఆయన బండి తీశాడు. అంత నమ్మకం నా మీద మళ్ళీ ఎవరూ పెట్టలేదు, కట్టుకున్నాయన కూడా.