రాహేలు చెప్పమన్న మాట

ఇన్నేళ్ళుగా ఒక తప్పును మోస్తున్నాను. ఎంత బరువని అడిగితే సరిగ్గా చెప్పలేను. కొన్నాళ్ళు అసలు గుర్తే ఉండదు. క్లాసులో పిల్లలకు పాఠం చెబుతుంటాను, సాయంత్రం కొట్లో మా ఆయనకు సాయంగా కూర్చుంటాను, నవ్వుతాను కూడా. ఉన్నట్టుండి ఎవరో ఇంకెవరితోనో “నే చెప్పింది చెప్పినట్టు చెప్పు వాడికి” అంటారు. అంతే, ఇక ఆ పూటంతా నేను నేనుగా ఉండను. నా పేరు చెప్పను. పేరు దాచుకుని చెబితే అది ఒప్పుకోలవుతుందా? ఏమో. మీరు నాకేమీ కారు. కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది దాచేపల్లి. మా ఆయనది కిరాణా కొట్టు, నాది ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం. రాహేలు పక్క ఊరి మనిషి. మిరపకోతలకు పోయేది, సరుకులకు మా కొట్టుకు వచ్చేది. మొదట్లో మేడం అనేది. అక్కా అని పిలవమన్నది నేనే.

ఆమె తమ్ముడు యోసేపు వాళ్ళ ఊరి పక్కనున్న సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. ఒకరోజు సైరన్ మోగించకుండానే బ్లాస్టింగ్ చేశారు. రాయి వచ్చి అతని తలకు తగిలింది. అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన రాహేలు అది కళ్ళారా చూసింది. క్వారీ వాళ్ళు మాత్రం మోటారు సైకిలు మీంచి పడి చనిపోయాడన్నారు. తోటి కూలీలంతా తలలు వంచుకున్నారు. రాహేలు వంచలేదు. గురజాల కోర్టులో కేసు వేయించింది. దానికి సాక్షి ఆమె ఒక్కతే.

అప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. గడ్డివామి తగలబెట్టారు. ఎవరో తెలియని మనుషులు బండ్ల మీద వచ్చి గుమ్మం ముందు నిలబడి, ఏమీ మాట్లాడకుండా చూసి వెళ్ళేవాళ్ళు. రక్షణకని వచ్చిన కానిస్టేబులు కొన్నాళ్ళు అరుగు మీద కూర్చుని, తర్వాత రావడం మానేశాడు.

గుంటూరులో ఆమె కేసు చూస్తున్న లాయరు ఒక దారి చెప్పాడు. విదేశంలో ఒక సంస్థ ఉందట. ఇలా ప్రాణభయం ఉన్నవాళ్ళ తరఫున ప్రభుత్వాలకు రాస్తుంది, ఈ మనిషిని కాపాడండని ఒత్తిడి తెస్తుంది, మరీ అవసరమైతే కొన్ని నెలలు వేరే దేశంలో ఉంచుతుంది. అయితే ముందు మూడు సంగతులు తేల్చుకుంటుంది. ప్రమాదం నిజంగా తీవ్రమైనదేనా? ఇప్పుడో రేపో ముంచుకొచ్చేదేనా? జరిగితే ఇక సరిదిద్దుకోలేనిదేనా? అందుకోసం రాహేలుతో వీడియో కాల్‌లో నేరుగా మాట్లాడతారు. తెలుగు వచ్చిన మనిషిని వాళ్ళే చూస్తామన్నారు. రాహేలు ఒప్పుకోలేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళ ముందు నోరు రాదంది. “మా అక్క ఉందిగా, ఆమె చెప్పుద్ది” అని నన్ను చూపించింది.

మా మేడమీద గదిలో, నా లాప్‌టాప్ ముందు ఇద్దరం కూర్చున్నాం. రాహేలు ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తెరమీద నెరిసిన జుట్టున్న ఒకావిడ. మెల్లగా, నాకు అర్థమయ్యేలా మాట్లాడింది. ఆమె ఏది చెబితే అదే చెబుతారా, కలపకుండా, తగ్గించకుండా, అని మొట్టమొదట నన్నే అడిగింది. చెబుతానన్నాను. ఆ మాట అనేటప్పుడు నాలో ఏ దురుద్దేశమూ లేదు. దీన్ని మీరు నమ్మాలి. నమ్మకపోయినా సరే, లేదు.

కొంతసేపు బాగానే సాగింది. యోసేపు సంగతి, గడ్డివామి సంగతి చెప్పాను. అప్పుడు తెరమీది ఆవిడ అసలు ప్రశ్న అడిగింది.

“ఏందక్కా, ఏమడగతంది?”

“ఇక్కడే ఉంటే నీకేం జరుగుద్దనుకుంటున్నావ్ అని.”

“ఏం జరుగుద్ది, చంపుతారు. మొన్న ఒకడు లారీ తెచ్చి నన్ను గోడకానించాడు. డ్రైవరు తల బయటపెట్టి, ఈసారి బ్రేకెయ్యనే అన్నాడు. ఇంకోపాలి కోర్టు మెట్లెక్కితే నన్ను బతకనియ్యరక్కా. ఇట్టాగే చెప్పు.”

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె భయపడుతోందని. కొందరు కటువుగా మాట్లాడారని. రోడ్డు మీద ఒక లారీతో చిన్న సంఘటన జరిగిందని.

రాహేలు నా మొహంలోకి చూసింది. “చెప్పావా?”

“చెప్పాను.”

“బ్రేకు మాట కూడానా?”

“ఆ. అదీ చెప్పాను.”

ఆమె ఊపిరి వదిలి, తెరమీది ఆవిడకు రెండు చేతులూ జోడించింది.

ఎందుకలా చేశాను? ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, అడిగినప్పుడల్లా వేరే జవాబు వస్తోంది. ఆ పరాయి మనిషి ముందు మా ఊరు మనుషుల్ని చంపే ఊరులా కనిపించకూడదనుకున్నానా? పల్నాడంటే కత్తులూ బాంబులే అనే మాట చిన్నప్పటినుంచీ వింటున్నాను, ఆ మాట నా నోటితో నేనే మళ్ళీ అనాల్సి వచ్చేసరికి నోరు వెనక్కి తగ్గిందేమో. లేక భయమా? క్వారీ క్యాంటీనుకు సరుకులు మా కొట్టునుంచే వెళ్ళేవి. ఆ మాట అప్పుడు నాకు గుర్తుకు రాలేదనే అనుకుంటున్నాను, కానీ గుర్తుకు రావాల్సిన పనిలేకుండానే లోపల పనిచేసే సంగతులు కొన్ని ఉంటాయి కదా. ఇంకొకటి కూడా ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంత ఇంగ్లీషు చదివి నేను హైదరాబాదు దాటలేదు. మిరపకోతల రాహేలు విమానం ఎక్కుతుందా అనే ఆలోచన ఒక్క క్షణం నాలో మెదిలింది. ఒక్క క్షణమే. అది ఆ ప్రశ్నకు ముందు మెదిలిందో తర్వాత మెదిలిందో ఎంత తవ్వుకున్నా తెలియడం లేదు. ముందయితే నేనొక రకం మనిషిని, తర్వాతయితే ఇంకో రకం. ఏ రకమో తేలదు.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. తక్షణ ప్రమాదం ఉన్నట్టు తేలలేదని, పరిస్థితిని గమనిస్తూ ఉంటామని. దాన్ని చదివి తెలుగులో చెప్పాల్సింది మళ్ళీ నేనే. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, “పోన్లే అక్కా, వాళ్ళకి మన బాధేం తెలుసుద్ది” అంది. నిజం చెప్పేయడానికి అదే సమయం. లాయరుకు ఫోన్ చేస్తే ఇంకోసారి మాట్లాడించేవాడు. చెయ్యలేదు. ఇదీ ఎందుకో తెలియదు. ఒక అబద్ధం ఆడాక రెండోది మనం ఆడనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు.

ఆ శివరాత్రికి ముందు, బస్సులన్నీ కోటప్పకొండకు పోయేవాళ్ళతో కిక్కిరిసి ఉన్న రోజుల్లో, రాహేలు గురజాలలో వాయిదాకు వెళ్ళి తిరిగొస్తోంది. ఊరి మలుపులో బస్సు దిగింది. ఇనుప రాడ్లతో కొట్టారు. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. గుంటూరు ఆసుపత్రికి చూడటానికి వెళ్తే, ఆమె నన్ను చూసి ఏడుస్తూ, “నువ్వు బాగానే చెప్పావక్కా. నేను చూశాగా. వాళ్ళే వినలా” అంది. పక్కన వాళ్ళమ్మ కూడా నా చెయ్యి పట్టుకుని దణ్ణం పెట్టింది. నేను ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు ఆ సంస్థవాళ్ళు కదిలారు. ఢిల్లీకి రాశారు. రక్షణ ఇవ్వమని ఆదేశాలు వచ్చాయి, ఇంటి ముందు పోలీసులు కూర్చున్నారు. కానీ రాహేలు అప్పటికే కృష్ణ దాటి, మిర్యాలగూడలో సొంత అక్క ఇంటికి చేరింది. మళ్ళీ కోర్టుకు రాలేదు. సాక్షి లేక యోసేపు కేసు కొట్టేశారు. రికార్డుల్లో అతను ఈరోజుకీ మోటారు సైకిలు మీంచి పడే చచ్చిపోయాడు.

నేను ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఆమె కాలు దక్కేదా? మా ఆయనకు ఒకసారి ఎవరిదో కథలా చెప్పి చూశాను. ఉన్నదున్నట్టు చెప్పినా అవతలివాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదేమో అన్నాడు. అది పట్టుకుని కొన్నాళ్ళు బతికాను. కానీ ఒప్పుకునేవాళ్ళో కాదో తేల్చాల్సింది వాళ్ళు. వాళ్ళదాకా ఆ మాట పోనివ్వకుండా మధ్యలో నేనే తేల్చేశాను.

కిందటి నెల రాహేలు ఫోన్ చేసింది. మిర్యాలగూడలో ఇడ్లీ బండి పెట్టుకుంది, కుర్చీలో కూర్చునే నడుపుతోంది. మాచర్ల వైపు ఒక అంగన్‌వాడీ టీచరుకు ప్రాణం మీదకొచ్చిందట. ఆమె కూడా సాక్షే. ఆ విదేశీ సంస్థవాళ్ళతోనే మాట్లాడాలట. “నువ్వయితే నమ్మకంగా చెప్తావని మాటిచ్చానక్కా” అంది.

ఒప్పుకుని, ఈసారి సరిగ్గా చేసి, పాతదానికి చెల్లు పెట్టేద్దామా అనిపించింది. దానికంటే పెద్ద మోసం ఉంటుందా అని కూడా అనిపించింది. ఆలోచన తెగకుండానే నోరు తెరిచాను. ఆరోజు నువ్వు చంపుతారని అన్నావు, నేను భయపడుతోందని మాత్రమే చెప్పాను, బ్రేకు మాట అసలు చెప్పనే లేదు, అన్నాను.

అవతల గిన్నెల చప్పుడు. ఎవరో చట్నీ అడుగుతున్నారు.

“ఎందుకక్కా?” అంది రాహేలు.

తెలీదన్నాను. అది నిజమే. కానీ వినడానికి ఎంత చెడ్డగా ఉందో నాకే వినిపించింది.

“బండి కాడ జనం ఉన్నారు” అని పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. మాచర్ల ఆమెకు వేరే మనిషిని కుదిర్చారని లాయరు చెప్పాడు.

తిట్టి ఉంటే బాగుండేది. క్షమించానని అని ఉంటే తట్టుకోలేకపోయేదాన్నేమో. రెండూ దొరకలేదు, దొరుకుతాయనీ అనుకోవడం లేదు. ఆరోజు ఫోన్ కింద పెట్టి అక్కడే కూర్చున్నాను. తర్వాత ఆకలేసింది. చాన్నాళ్ళుగా వేళకి తినడమే తప్ప అలాంటి ఆకలి ఎరగను. నాకు ఆకలెలా వేస్తోందని సిగ్గుపడ్డాను. అయినా లేచి వంటింట్లోకి వెళ్ళి, అన్నం పెట్టుకుని కడుపునిండా తిన్నాను.