కోమలి వదిలిన తాడు

మా ఐరాల చుట్టుపక్కల ఎవరి బావిలో మోటారు పడినా ముందు తలుచుకునేది మునిచంద్రనే. నడుముకు తాడు, నుదుటికి లైటు కట్టుకుని, ఊపిరి బిగబట్టి మునుగుతాడు. మోటారు తీయడం కూటి కోసం. అసలు పిచ్చంతా బావి అడుగున పక్కకు తవ్విన పాతకాలం సొరంగాల మీద. "లోపల గది మాదిర ఉండాదబ్బా, తెల్లరాయి మిలమిలా మెరస్తాది" అని టీ అంగడిలో మొదలుపెడితే మేం లేచిపోయేవాళ్లం. ఎన్నిసార్లని వింటాం! అతని పెండ్లాం కోమలి మాత్రం కూడు వడ్డిస్తూ అంతా వినేది, ఏ మలుపులో ఏ రాయి ఉందో అడిగి మరీ.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. పైన తాడు పట్టేది బామ్మర్దే. అక్క తాళి మీద అతనికున్న భయం ఇంకెవరికుంటుంది? కోమలి తమ్ముడు చిన్నబ్బకు ఆ భయం మరీ ఎక్కువ. తాడు కాస్త అదిరితే చాలు, లాగేస్తాడు. పోయిన నెల అట్లాగే లాగి బావ భుజం రాతికి గీరించాడు. మునిచంద్ర నాలుగు మాటలన్నాడు. "ఇంక నీ తాడు ముట్టను పో" అని చిన్నబ్బ అలిగాడు.

సరిగ్గా అప్పుడే మా మోటారు తెగిపడి సొరంగంలోకి జారింది. టమోటా తోట వాడిపోతోంది. మునిచంద్ర వెంట కోమలి వచ్చి తాడు చేతికి తీసుకుంది. మోటారు పోతే పోయింది, ఈ మనిషికేమన్నా అయితే ఆమె ముఖం ఎట్లా చూడను? వద్దమ్మా అన్నాను.

"నువ్వు సుమ్మా ఉండన్నా" అని నా నోరు మూయించింది.

మునిచంద్ర మునిగాడు. లోపలికి పోతున్న తాడు ఒక్కసారిగా బిగుసుకుంది. సైగ లేదు. అలిగినా మనసాగక వచ్చి గట్టు మీద కూర్చున్న చిన్నబ్బ పరుగెత్తుకొచ్చాడు.

"లాగక్కా! సచ్చిపోతాడు, లాగు!"

"ముట్టొద్దురా! మలుపుకాడ రాయి ఉండాది. లాగితే ఆడే బిగిసిపోతాడు."

ఏడుస్తూనే తాడు వదిలింది. బారెడు బారెడుగా నీళ్లలోకి జారిపోతుంటే నేను కాణిపాకం సామికి ఏమేం మొక్కుకున్నానో నాకే గుర్తులేదు.

తాడు రెండుసార్లు అదిరింది. పైకి లాగమని అర్థం. ముగ్గురం కలిసి లాగాం. మునిచంద్ర తల తేలింది.

"మలుపుకాడ తాడు కాలికి సుట్టుకునింది" అన్నాడు రొప్పుతూ. "నువ్వు వదలబట్టి బతికినా."

కోమలి అతని వీపు మీద ఒక్కటి చరిచి, ఆ తడి తల పట్టుకుని గట్టిగా ఏడ్చింది.

"నేనైతే లాగేసి ఉంటి బావా" అన్నాడు చిన్నబ్బ తల దించుకుని.

మునిచంద్ర మళ్లీ మునిగి మోటారుకు తాడు కట్టొచ్చాడు, మా టమోటా బతికింది. ఇప్పుడు ఏ బావికి పిలిచినా తాడు పట్టేది కోమలే. చిన్నబ్బ కూడా తప్పకుండా వస్తాడు. అక్క పక్కనే నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటాడు.